కాటా కొనకముందు ఇది చదవండి: బడిలో ఊబకాయ నివారణ కార్యక్రమం నడిపే పద్ధతి

ముందు నా తప్పు చెప్పేస్తాను. మొదటి ఏడాది నేను చేసిన మొదటి పని కాటా కొనడం. వరండాలో పెట్టి, ఏడో తరగతిని వరసలో నిలబెట్టి, క్లాస్ లీడర్ పైకి చదువుతుంటే రిజిస్టర్‌లో రాసుకుంటున్నాను. ఒక అబ్బాయి ఎక్కాడు. 58. వెనకనుంచి ఎవడో "ఇంకో పదిహేడైతే బస్తా నిండుద్ది" అన్నాడు. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, ఆ లెక్క చంటిపిల్లాడికి కూడా వచ్చు. వరండా అంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది, దాచడం ఎందుకు. ఆ పూట నుంచి వాడి పేరు బస్తా. వారం రోజులు బడికి రాలేదు. తర్వాత వాళ్ళమ్మ వచ్చి "మాస్టారూ, మావోడు అన్నం ముట్టడం లేదండి, ఏం చెప్పారండి మీరు వాడికి?" అని అడిగితే నేను తల దించుకున్నాను.

నేను సైన్సు మాస్టారిని, కోనసీమలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో మూడేళ్ళు ఈ పని చేశాను, ఆ తర్వాత దగ్గర్లోని పట్టణంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు పిలిస్తే అక్కడ రెండేళ్ళు సాయం చేశాను. మళ్ళీ మొదటినుంచి మొదలుపెడితే ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే రాస్తున్నాను. కాటా ఆరో అడుగులో వస్తుంది, అప్పటిదాకా బీరువాలోనే ఉండనివ్వండి.

అసలు మన ఊళ్ళకి ఇది అవసరమా అనే ప్రశ్న స్టాఫ్ రూములోనే వస్తుంది, జవాబు దగ్గర పెట్టుకోండి. 1990లో మన దేశంలో 5 నుంచి 19 ఏళ్ళ మధ్య ఊబకాయం ఉన్న పిల్లలు సుమారు 4 లక్షల మంది అని అంచనా, 2022 నాటికి 1.25 కోట్లు. ఇంకో లెక్క కూడా అంతే ముఖ్యం: 2016–18లో కేంద్రం చేయించిన జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళ పిల్లల్లో దాదాపు నూటికి 24 మంది మరీ సన్నగా ఉన్నారు, అధిక బరువు ఉన్నది నూటికి 5 మంది. అంటే మీ క్లాసులో బొద్దుగా ఉన్న పిల్లాడి పక్కన బక్కపిల్లలు నలుగురు కూర్చుని ఉంటారు. "తక్కువ తినండి" అని క్లాసంతటికీ చెబితే ముందు వినేది ఆ నలుగురే. ఇక్కడే చాలా కార్యక్రమాలు దారి తప్పుతాయి.

మొదటి అడుగు: పేరులో ఊబకాయం వద్దు, పక్కన మనుషులు కావాలి

బ్యానర్ మీద "ఊబకాయ నివారణ" అని రాసిన రోజే లావుగా ఉన్న పిల్లలు వెనక బెంచీకి పోతారు, సన్నగా ఉన్నవాళ్ళ తల్లిదండ్రులు మాకు సంబంధం లేదనుకుంటారు. మేము రెండో ఏడాది "ఆటా–నీళ్ళూ" అని పెట్టాం. గొప్ప పేరేం కాదు, కానీ ఆ పేరు విని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

మనుషుల సంగతి. హెడ్మాస్టరు ఒప్పుకుంటే చాలనుకోకండి, టైంటేబుల్ వేసే మాస్టారు ఎవరో ఆయన్ని పట్టుకోండి. పీఈటీ, అంటే ఆటల మాస్టారు, ఉంటే సరే, చాలా చోట్ల ఆ పోస్టు ఖాళీ, ఉన్నా ఎన్నికల డ్యూటీలు, టోర్నమెంట్లు. 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం బడికి ఇద్దరు టీచర్లని ఆరోగ్య రాయబారులుగా పెట్టాలి, మీ బడిలో ఆ ఇద్దరూ ఎవరో కనుక్కోండి, ఒక్కోసారి వాళ్ళకే తెలియదు. అన్నం వండే అమ్మలు, వాచ్‌మన్, పేరెంట్స్ కమిటీలో గట్టిగా మాట్లాడే ఒక తల్లి, వీళ్ళు ముగ్గురూ మీ వైపు ఉంటే సగం పని అయినట్టే.

రెండో అడుగు: రెండు వారాలు ఏమీ చేయకండి, చూడండి

ఇది చేయడం కష్టం, ఎందుకంటే ఉత్సాహం మీద ఉంటాం. అయినా ఒక నోటు పుస్తకం పెట్టుకుని రాయండి. గేటు దగ్గర ఇంటర్వెల్లో ఏం అమ్ముడవుతోంది, ఎవరు కొంటున్నారు. ఆటల పీరియడ్లు ఎన్ని ఉన్నాయి, వాటిలో నిజంగా జరిగినవెన్ని. తాగే నీళ్ళు ఎక్కడున్నాయి, రుచి ఎలా ఉంది. పుట్టినరోజు చాక్లెట్లు ఎన్నిసార్లు పంచారు. క్లాసులో 40 మంది ఉంటే ఏడాదికి ఇరవై పైచిలుకు పుట్టినరోజులు బడి రోజుల్లోనే పడతాయి, పైగా టీచర్లకి ప్రత్యేకంగా రెండేసి.

మా బడిలో వారానికి మూడు ఆటల పీరియడ్లు అని గోడ మీద ఉంది. ఆ రెండు వారాల్లో ఎనిమిదో తరగతికి ఆరు జరగాలి, రెండు జరిగాయి. మిగిలినవాటిలో రెండు లెక్కలకి, ఒకటి ఇంగ్లిషుకి పోయాయి, ఒకటి వానకి. లెక్కలకి తీసుకున్నది ఎవరో కాదు, నా స్నేహితుడే. ఆ కాగితం హెడ్మాస్టరుగారి టేబుల్ మీద పెట్టాక మాటలు తక్కువ పట్టాయి.

మూడో అడుగు: గేటు

చట్టం మీ పక్షాన ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలు బడి లోపల గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. ఆ కాగితం పట్టుకుని నేను మా గేటు దగ్గర బుట్ట పెట్టుకునే మామ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాగితం చూడలేదు, నన్ను చూసి, "యాభై మీటర్లంటే ఎంత దూరం బాబూ, ఆ కొబ్బరిచెట్టు దాకానా?" అంది. కొబ్బరిచెట్టు దాటాక కాలవ. ఆవిడ ఇల్లు గడిచేది ఆ బుట్ట మీదే.

కాబట్టి తరిమేయకండి. తరిమితే రెండో రోజుకి పిల్లలు గోడ దూకి వెళ్ళి అవే కొంటారు, ఊరు మీ మీద పడుతుంది. మేం ఆవిడతో బేరం ఆడాం: ముందు వరసలో జామకాయలు, ఉడికించిన వేరుశనగకాయలు, మరమరాలు, చలికాలంలో తేగలు, ఎండలు మొదలయ్యాక ముంజలు; రంగు రంగుల ప్యాకెట్లు ఉంటే వెనక, దండలుగా వేలాడదీయకూడదు. మొదటి నెల ఆవిడ నష్టపోతుందేమోనని మేం టీచర్లం ఇంటర్వెల్లో అక్కడే వేరుశనగకాయలు కొనుక్కునేవాళ్ళం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మాస్టారు కొనేది పిల్లలు కొంటారు. అంతకుముందు స్టాఫ్ రూముకి నాలుగింటికి వేడి బజ్జీల పొట్లం వచ్చేది, ఆ వాసన వరండా అంతా తిరిగేది, మేం పాఠం ఏం చెప్పినా ఆ వాసన ముందు దిగదుడుపే.

ప్రైవేటు స్కూల్లో అయితే వేరే చిక్కు, క్యాంటీన్ వాళ్ళు అద్దె కడతారు. యాజమాన్యానికి ఆ అద్దె వదులుకోవడం ఇష్టం ఉండదు. ఒప్పందం రెన్యువల్ చేసేటప్పుడు ఏవి అమ్మకూడదో అందులోనే రాయించండి, మధ్యలో గొడవ పెట్టుకుంటే తేలదు. ఇంకొకటి, కూల్‌డ్రింకు పేరున్న టీషర్టులు, బ్యానర్లు స్పోర్ట్స్ డేకి ఉచితంగా ఇస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. మా బడికి బంతులు కొనే డబ్బులు లేవు, అయినా వద్దన్నాం, అప్పుడు పిల్లలు నన్ను తిట్టుకున్నారు.

నాలుగో అడుగు: నీళ్ళు

డెల్టాలో నీళ్ళకి కరువా అని నవ్వుతారు. తీరం వైపు బడుల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, నోట్లో పోసుకోలేం. నీళ్ళు బాగోకపోతే పిల్లాడు పది రూపాయలు పెట్టి తియ్యటి డ్రింకు కొంటాడు, అది వాడి తప్పు కాదు. ముందు మంచి నీళ్ళు పెట్టించండి. ఆర్వో ప్లాంటు చెడిపోయి మూల పడి ఉంటే బాగుచేయించండి, లేదంటే పంచాయతీనో పూర్వ విద్యార్థులనో పట్టుకుని రోజూ నీళ్ళ టిన్నులు వేయించండి. తర్వాత నీళ్ళ గంట పెట్టండి, రోజుకి మూడుసార్లు. గంట కొట్టగానే ప్రతి పిల్లా పిల్లాడూ సీసా తీసి నాలుగు గుక్కలు తాగాలి.

ఆడపిల్లలు తాగరు. ఎందుకో అడిగితే చెప్పరు. వెళ్ళి బాత్రూములు చూస్తే తెలుస్తుంది, గొళ్ళెం ఉండదు, నీళ్ళు ఉండవు. మాకు ఆ గొళ్ళేలు బిగించడానికి పట్టింది ఒక్క పూట, ఆ సంగతి గమనించడానికి పట్టింది ఎనిమిది నెలలు.

చక్కెర గురించి పాఠం చెప్పకండి, లెక్క చేయించండి. సీసా వెనక లేబుల్ చదవమనండి. కోలా రకాల్లో 100 మిల్లీలీటర్లకి సుమారు 10 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది, అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 26 గ్రాములు. నెలకి 22 బడి రోజులు వేసుకుంటే అర కిలో దాటుతుంది. ఆ అర కిలో చక్కెర తూచి పాలిథిన్ కవర్లో పోసి బల్ల మీద పెట్టండి, మీరేం మాట్లాడక్కర్లేదు. 2025లో సీబీఎస్ఈ తన బడులన్నిటినీ దేంట్లో చక్కెర ఎంతో చూపించే బోర్డులు పెట్టమంది, అది మంచిదే, కానీ గోడ మీది బోర్డుకి పిల్లలు వారంలో అలవాటుపడిపోతారు. చేత్తో తూచింది గుర్తుంటుంది.

ఐదో అడుగు: ఆట, అందరికీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలి. బడి ఒక్కటే అంతా ఇవ్వలేదు, కానీ అరగంట ఇవ్వగలదు, ఇస్తే మిగతాది ఊరు ఇస్తుంది. ఇక్కడ అడ్డంకులు ఒక్కొక్కటీ చెబుతాను, ఎందుకంటే పని అంతా ఇక్కడే ఉంది.

మొదటిది నేల. మన నల్ల ఒండ్రు నేల సంగతి మీకు తెలుసు, ఒక్క వాన పడితే మూడు రోజులు చెప్పు దిగుతుంది. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. 2022 జులైలో లంకలు మునిగినప్పుడు ఆటల సంగతి ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. నికరంగా గ్రౌండు దొరికేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మిగతా నెలల్లో దొరికినన్ని రోజులు. అందుకే రెండు టైంటేబుళ్ళు రాసుకోండి, ఒకటి పొడి నేలకి, ఒకటి బురదకి. బురద రోజుకి వరండాలో స్కిప్పింగు, తొక్కుడుబిళ్ళ, బల్లలు పక్కకి జరిపి పాటకి డాన్సు, ఉన్నచోటే పరుగు. రెండోది రాసుకోకపోతే వాన పడిన రోజు ఆటల పీరియడ్ లెక్కల పీరియడ్ అయిపోతుంది, అదెప్పుడూ వెనక్కి రాదు.

రెండోది బీరువా. ఆటసామాన్లు ఉంటాయి, స్టాక్ రిజిస్టర్‌లో కూడా ఉంటాయి, బీరువాలో ఉంటాయి, తాళం పీఈటీగారి దగ్గర ఉంటుంది, ఆయన ఏదో డ్యూటీలో ఉంటారు. సామాను పోతే ఎవరు కట్టాలి అనే భయం, అది నిజమైన భయమే, ఆడిట్‌లో అడుగుతారు. మేం పేరెంట్స్ కమిటీ తీర్మానం రాయించాం, బంతులు, తాళ్ళు ఆడితే అరిగిపోయేవే, ఏడాదికి ఇన్ని తీసివేయొచ్చు అని. తర్వాత తాళం ఎనిమిదో తరగతి గదిలో మేకుకి తగిలించాం. మొదటి నెలలో రెండు బంతులు కాలవలో పోయాయి. అంతే.

మూడోది అవుట్. మన పిల్లలు ఆడే ఆటల్లో చాలావాటిలో నెమ్మదిగా ఉన్నవాడు ముందు అవుటవుతాడు, అవుటయినవాడు చెట్టు కింద కూర్చుంటాడు. అంటే ఎవడికి కదలిక ఎక్కువ కావాలో వాడే కూర్చుంటున్నాడు. లావుగా ఉన్నవాణ్ణి స్కోరు రాయమంటాం, లేదా అంపైర్ని చేస్తాం, అది మనం దయ అనుకుంటాం. అవుటైనవాళ్ళు పది గెంతులు గెంతి మళ్ళీ ఆటలోకి రావచ్చు అని ఒక్క నియమం పెట్టండి, ఏడు పెంకులాటకీ, కుంటాటకీ, నేల–బండకీ అన్నిటికీ సరిపోతుంది. నాలుగు రకాల ఆటలు ఒకేసారి పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళని ఆడుకోనివ్వండి. పరుగు పందేలు వారానికి ఒకసారి చాలు. మొదట చెప్పిన అబ్బాయి మళ్ళీ గ్రౌండులోకి వచ్చింది తొమ్మిదో తరగతిలో, అది కూడా నా వల్ల కాదు, కొత్తగా చేరిన కుర్రాడెవడో వాణ్ణి తాడు లాగుడులో చివర నిలబెట్టాడు, వాడు మడమ నేలలో దించి నిలబడితే అవతల జట్టు మొత్తం బోర్లా పడింది.

నాలుగోది ఆడపిల్లలు. ఏడో తరగతి దాకా ఆడతారు, పెద్దమనిషి అయ్యాక ఆగిపోతారు. మగపిల్లలు గ్రౌండు మధ్య ఆక్రమించుకుంటారు, ఆడపిల్లలు గోడ వెంబడి చేతులు పట్టుకుని తిరుగుతారు. వారానికి రెండు రోజులు గ్రౌండు పూర్తిగా వాళ్ళదే అని రాసేయండి, ఒక టీచరమ్మ దగ్గరుండాలి, చున్నీ బదులు టీషర్టు వేసుకోవడానికి ఒప్పుకుంటారా అని తల్లుల్ని అడగండి. మా దగ్గర సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది ఒప్పుకోలేదు, ఒప్పుకోని పిల్లలు చున్నీ నడుముకి బిగించి ఆడారు.

ఆరో అడుగు: ఇప్పుడు కాటా

ఏడాదికి రెండుసార్లు చాలు, బడి తెరిచాక జులైలో ఒకటి, జనవరిలో సంక్రాంతి అయి పది రోజులయ్యాక ఒకటి. తలుపు మూసిన గది. లోపల ఒక పిల్లాడు, ఒక టీచర్, అంతే, ఆడపిల్లలకి టీచరమ్మ. గట్టి చదునైన నేల మీద కాటా పెట్టండి, ముందు కట్టు విప్పని 25 కిలోల బియ్యం సంచి పెట్టి సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోండి. బూట్లు, బెల్టు, జేబుల్లో ఉన్నవి తీయించండి. అంకె పిల్లాడి వైపు కాకుండా మీ వైపు ఉండాలి, పైకి చదవొద్దు, మొహంలో ఏమీ చూపించొద్దు. ఎత్తుకి గోడ మీద టేపు అంటించి, మడమలు, పిర్రలు, వీపు గోడకి ఆనించి, చూపు నేరుగా ఉంచి, తల మీద అట్టబౌండు పుస్తకం పెట్టి కొలవండి.

బీఎంఐ అంటే కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించడం. పదేళ్ళ అబ్బాయి, 138 సెంటీమీటర్లు, 42 కిలోలు అనుకోండి: 42ని 1.38తో, మళ్ళీ 1.38తో భాగిస్తే సుమారు 22. పెద్దవాళ్ళ లెక్కలో అది మామూలే, అందుకే చాలామంది మాస్టర్లు ఇక్కడ పొరబడతారు. పిల్లలకి వయసుని బట్టి, ఆడా మగా తేడాని బట్టి గీతలు మారతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ళ అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. మన పిల్లల కోసం భారత శిశువైద్యుల సంఘం 2015లో ఇచ్చిన పట్టికలు వేరేగా ఉన్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని ఆఖరిదాకా దాన్నే వాడండి, ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఒకటి వాడితే పిల్లలు మారకుండానే లెక్క మారిపోతుంది.

ఆ అంకె ఇంటికి ఉత్తరంగా పంపాలా? నేను వద్దంటాను. కాలిఫోర్నియాలో వేల మంది పిల్లలతో చేసిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి, ఇంటికి బీఎంఐ నివేదిక పంపినందువల్ల బరువేమీ మారలేదు, బడిలో తూచిన పిల్లలకి తమ ఒంటి మీద అసంతృప్తి పెరిగింది. సింగపూర్ 1992లో మొదలుపెట్టిన కార్యక్రమంలో లావు పిల్లల్ని విడిగా తీసి వ్యాయామం చేయించారు, ఊబకాయం 14 శాతం నుంచి 10 శాతం లోపుకి వచ్చింది కూడా, కానీ దాని పొట్టి పేరు TAF, తిరగేసి చదివితే FAT, ఇంగ్లిషులో లావు అని వస్తుంది, పిల్లలు ఊరుకుంటారా. వెక్కిరింపుల మీద విమర్శలు వచ్చి 2007లో దాన్ని మానేసి అందరు పిల్లలకీ కలిపి ఇంకో పద్ధతి పెట్టారు. మా బస్తా కథ అక్కడ దేశమంతా జరిగిందన్నమాట.

మరి కొలిచి ఏం చేయాలి అంటే, రెండు పనులు. క్లాసు మొత్తం లెక్క మీకు తెలుస్తుంది, సన్నవాళ్ళదీ లావువాళ్ళదీ. రెండోది, డాక్టరుకి చూపించాల్సిన పిల్లలెవరో తెలుస్తారు. మెడ వెనక చర్మం నల్లగా మందంగా అయి రుద్దినా పోకపోతే అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనే గుర్తు కావచ్చు. నిద్రలో గట్టిగా గురక, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మోకాళ్ళు, తుంటి నొప్పి, ఇవన్నీ కూడా చూడాల్సినవే. తల్లినో తండ్రినో విడిగా పిలిచి, పీహెచ్‌సీలో చూపించమని, లేదా బడికి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపిద్దామని చెప్పండి. మరీ సన్నగా ఉన్న పిల్లలకి కూడా ఇదే మర్యాద.

ఏడో అడుగు: ఇల్లు

ఇక్కడ ఓడిపోవడానికి సిద్ధపడి వెళ్ళండి. పేరెంట్స్ మీటింగులో నేను అరగంట మాట్లాడాక ఒక నాయనమ్మగారు లేచారు. "మా ఆయన గంజి తాగి పెరిగారండి. ఇప్పుడు దేవుడి దయవల్ల రెండు చెరువులున్నాయి. నా మనవడు రెండు ముద్దలు ఎక్కువ తింటే మీకేటండి కష్టం? ఆడికి దిష్టి పెట్టకండి మాస్టారూ." అందరూ ఆయ్ అన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఆకలి చూసిన ఇంట్లో బూరెబుగ్గలంటే సంపాదన కనబడినట్టు. దాని మీద చార్టు పెట్టి వాదించకండి.

నేను తర్వాత నేర్చుకున్నది, తీసేయమని అడక్కూడదు, చేతులు మార్చమని అడగాలి. అన్నం పిల్లాడే వడ్డించుకోవాలి, పెద్దవాళ్ళు "ఇంకో ముద్ద" అనకూడదు, అంతే అడిగాను. తింటున్నప్పుడు ఫోను వద్దు అని ఇంకోటి. పాలల్లో కలిపే పొడి డబ్బా వెనక చక్కెర ఎంతో చదవమని ఇంకోటి. 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పొడుల్ని ఆన్‌లైన్లో "హెల్త్ డ్రింక్" అనే విభాగం కింద పెట్టవద్దని చెప్పింది, ఆ మాట చెబితే తల్లులు విన్నారు. నాన్నలతో విడిగా మాట్లాడాలి, ఎందుకంటే రాత్రి తొమ్మిదింటికి బండి మీద చికెన్ పకోడీ పార్సిలూ రెండు లీటర్ల సీసా తెచ్చేది వాళ్ళే. నాన్నలు మీటింగుకి రారు. చెరువులో రొయ్యలు పట్టి కాంటా వేసే రోజు అసలే రారు. నేను సాయంత్రం టీ కొట్టు దగ్గర పట్టుకునేవాణ్ణి.

పండగల జోలికి వెళ్ళకండి. సంక్రాంతికి అరిసెలు, పెళ్ళిలో కాజాలు, ఇంటికొచ్చిన చుట్టాలు తెచ్చిన పూతరేకులు, వీటి మీద మాట్లాడితే మిమ్మల్ని ఊళ్ళోంచి వెలేసినంత పని చేస్తారు, చేయాలి కూడా. పిల్లలు లావయ్యేది నాలుగు రోజుల అరిసెలతో కాదు, 220 బడి రోజుల పది రూపాయల ప్యాకెట్లతో.

మధ్యాహ్న భోజనం గురించి ఒక్క మాట. మన ప్రభుత్వ బడుల భోజనానికి 2024 నుంచి లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు ఉంది, అన్నం పెట్టడంలో ఆవిడ ఊరివాళ్ళం మనం. కేంద్రం లెక్క ప్రకారం ప్రైమరీ పిల్లాడికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పై తరగతులకి 700 కేలరీలు, 20 గ్రాములు. లావుగా ఉన్నాడని ఎవడి కంచంలోనూ గుడ్డు తగ్గించవద్దు, అన్నం మానమనవద్దు. వండే అమ్మలకి చెప్పాల్సింది కూర పలచన చేయొద్దని, ఆకుకూర పప్పు అందరికీ అందేలా రెండో గరిటె వేయమని. కూర చాలక వట్టి అన్నం తిన్న పిల్లాడికి మూడింటికే ఆకలేస్తుంది, గేటు దగ్గరికి పరుగెడతాడు.

ఎనిమిదో అడుగు: నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా

ప్రైవేటు స్కూల్లో నేను చూసిన అసలు గండం ఇది. బడి వదిలాక ట్యూషను, మధ్యలో అరగంట, చేతిలో ఇరవై రూపాయలు, ఎదురుగా నూడిల్స్ బండి. పదో తరగతికి పొద్దున్నే ఒక స్టడీ అవరు, రాత్రి ఒకటి, కుర్చీలోంచి లేచేది భోజనానికే. 13 ఏళ్ళు దాటిన పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, వీళ్ళు ఆరు గంటలు పడుకుంటే గొప్ప, నిద్ర తక్కువైన పిల్లలకి ఆకలి ఎక్కువ. యాజమాన్యంతో నేను ఊబకాయం గురించి మాట్లాడలేదు, మాట్లాడితే వినరు. గంటకోసారి పది నిమిషాలు లేపి నడిపిస్తే క్లాసులో నిద్రపోరు, మార్కులకి మంచిది అన్నాను. ఒప్పుకున్నారు. ట్యూషను మాస్టార్లు ఇద్దరు మాత్రం ఐదింటికి పిల్లలకి ఉడికించిన శనగలు పెట్టించడానికి తల్లుల దగ్గర నెలకి కొంత పోగుచేశారు, అది ఇప్పటికీ నడుస్తోంది.

ఆఖరి అడుగు: ఏది లెక్కపెట్టాలి

ఏడాది తిరిగేసరికి "ఎంతమంది తగ్గారు?" అని అడుగుతారు. తగ్గరు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల 50కి పైగా బడుల్లో రోజుకి అదనంగా అరగంట కదలిక, తల్లిదండ్రులతో కలిసి వంట, ఫుట్‌బాల్ క్లబ్బు సాయం, ఇన్ని పెట్టి ఏడాది నడిపారు. 2018లో ఫలితం చూస్తే బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచమంతా జరిగిన ఇలాంటి ప్రయోగాల్ని వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు 2024లో కలిపి చూస్తే, 5 నుంచి 11 ఏళ్ళ పిల్లల్లో ఆట ఉన్న కార్యక్రమాలు కొద్దిగా పనిచేశాయి, ఒట్టి తిండి పాఠాలు దాదాపు పనిచేయలేదు. ఈ సంగతి మొదటి మీటింగులోనే చెప్పేయండి, ఆశపెట్టి తర్వాత మాట పడటం కంటే నయం.

అందుకే లెక్కపెట్టాల్సింది కిలోల్ని కాదు. జరిగిన ఆటల పీరియడ్లు, చెట్టు కింద కూర్చున్న పిల్లలు ఎంతమంది, ఆటలోకి వచ్చిన ఆడపిల్లలు ఎంతమంది, రోజుకి ఎన్ని నీళ్ళ టిన్నులు ఖాళీ అయ్యాయి, మామ్మగారి బుట్టలో ముందు వరసలో ఏముంది. ఎనిమిదో తరగతికి రెండు వారాలకి ఆరులో రెండు జరిగిన పీరియడ్లు మూడో ఏడాదికి ఐదు అయ్యాయి, నేను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే. వెక్కిరింపు పేర్లు కూడా ఒక పేజీలో రాసుకోండి, ఎన్ని కొత్తవి పుట్టాయి, ఎవరు పెట్టారు. మా పేజీలో రెండు పేర్లు టీచర్లు పెట్టినవే.

తర్వాత మీకు బదిలీ అవుతుంది, తప్పదు. నాకైనప్పుడు కొత్తగా వచ్చిన మేడంకి నోటు పుస్తకం, రెండు టైంటేబుళ్ళు, పేరెంట్స్ కమిటీ తీర్మానం జిరాక్సు ఇచ్చాను, మామ్మగారిని పరిచయం చేశాను. తాళం గురించి చెప్పడం మరిచిపోయి ఫోన్ చేస్తే, "మేకుకే ఉందండి, పిల్లలు మొదటిరోజే చూపించారు" అన్నారావిడ.